అంచు రాయి, నడిమి రాయి

ఒక పనివాడి నిజాయితీని శంకిస్తూ నేను స్వయంగా రాసి, సంతకం చేసి, టపాలో వేసిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ ఒక చర్చి బీరువాలో భద్రంగా ఉంది. అందులోని కొలతలన్నీ సరైనవి. వాటి నుంచి నేను తీసిన నిర్ణయం తప్పు. కొలతలు సరైనవి గనుక చదివినవారు నిర్ణయాన్ని కూడా నమ్ముతారు. ఆ ఉత్తరంలోని ప్రమాదం అదే. నా తదనంతరం ఆ కాగితం మిగిలి, దానికి బదులు చెప్పే కాగితం ఏదీ మిగలకుండా పోవడం నాకు సమ్మతం కాదు. అందుచేత జరిగినదాన్ని జరిగిన క్రమంలో రాస్తున్నాను.

అవి ఉమ్మడి రాష్ట్రం రోజులు. మాది కోస్తా ప్రాంతం. సికింద్రాబాదులోని ఒక మిషను హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా సామాన్యశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా విరమించి, సీతాఫల్‌మండిలో స్థిరపడ్డాను. విరమణ తరువాత మా చర్చి సంఘంవారు నన్ను సమాధుల తోట కమిటీకి కార్యదర్శిగా నియమించారు. నాకు ఆ పని నచ్చింది. వరుసలు, సంఖ్యలు, రిజిస్టరు, తాళంచెవులు; అన్నీ నా స్వభావానికి తగినవే.

నా స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఒక జవాబు పత్రం దిద్దేటప్పుడు దాని పక్క బల్ల మీది పత్రాన్ని కూడా ఎదురుగా పెట్టుకోవడం నా అలవాటు. ఎవరైనా అడిగిన వెంటనే వినయంగా ఒప్పుకుంటే నాకు అనుమానం పెరిగేది. ఇలా ఎందరినో పట్టుకున్నాను. పట్టుకున్నవాళ్లే గుర్తున్నారు. అన్యాయంగా అనుమానించిన వాళ్ల లెక్క నా దగ్గర లేదు.

మా తోటలో గోడవారగా ఒక పాత వరుస ఉంది. సంఘం తొలినాళ్లలో బడులు నడిపిన ఉపాధ్యాయులు, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు, మొత్తం పన్నెండుమంది అక్కడ ఉన్నారు. రిజిస్టరులో పేర్లున్నాయి, మట్టి మీద రాళ్లు లేవు. పన్నెండింటికీ ఒకే కొలతలో, ఒకే రకం నల్లరాయి వేయాలనీ, ప్రతి రాతి మీద పేరు, తేదీలు, కుటుంబంవారు కోరిన ఒక వాక్యం చెక్కించాలనీ కమిటీ తీర్మానించింది. పని అప్పగించింది మా తోటకు అలవాటైన రాతిపనివాడికే. అతను మా సంఘస్థుడు కాడు. లాలాగూడ దగ్గర ఒక రేకుల షెడ్డులో చెక్కేవాడు. రాయి మాత్రం సైనిక్‌పురి అవతలి గుట్ట నుంచి తెచ్చేవాడు. అతని తండ్రి కూడా మా తోటలోనూ, ఇతర సంఘాల తోటల్లోనూ రాళ్లు చెక్కినవాడే.

పని మొదలయ్యే ముందు నేను నమూనా అడిగాను. అరచేతి వెడల్పు ముక్క తెచ్చాడు. ఒక వైపు నునుపు చేసి ఉంది. నలుపులో నూకలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. దాని వెనక ఎర్ర రంగుతో తేదీ వేసి, సంతకం చేసి, సొరుగులో పెట్టి తాళం వేశాను. మొదటి నాలుగు రాళ్లు వచ్చాయి. నాలుగింటినీ నమూనా పక్కన పెట్టి చూశాను. సరిపోయాయి.

వానలకు పని ఆగి, మళ్లీ మొదలైన తరువాత అయిదు రాళ్లు ఒకేసారి వచ్చాయి. వాటిలో ఒక్క చుక్క లేదు. బడిపిల్లల పలకలాగా చిక్కటి నలుపు.

"ఇది ఆ రాయేనా?" అని అడిగాను.

"గదే సార్. అదే గుట్ట, అదే చార," అన్నాడు రాతిపనివాడు.

"మరి చుక్కలేవి?"

"గీ ముక్కలల్ల చుక్కలు రావు సార్. గిది అంచు రాయి. అక్షరానికి గిదే మంచిది."

"ఏది మంచిదో చెప్పవలసింది కమిటీ."

"అట్లనే సార్. మీరు పెద్దోళ్లు."

ఆ 'అట్లనే సార్' నాకు నచ్చలేదు. అంతకుముందు వారమే నేను అతని షెడ్డు మీదుగా వెళ్తూ గోడ పక్కన నల్లరాళ్ల కుప్ప ఒకటి చూశాను. ఎవరివని అడిగితే వేరే పార్టీవని చెప్పాడు. ఆ సంగతి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ తీసి కింద గీత గీశాను. గుట్ట నుంచి తెచ్చే శ్రమ తప్పించుకోవడానికి పక్కవాడి రాయి మా తోటలో దింపాడని నాకు తోచింది. ఆ అయిదింటినీ తిరస్కరించి పక్కన పెట్టించాను. తోచినదాన్ని రుజువు చేయడం మిగిలింది.

రుజువు చేసే మార్గం నాకు తెలుసు. రంగు కంటిని మోసగించవచ్చు, సాంద్రత మోసగించదు. కొత్త రాళ్లలో ఒకదాని అడుగు మూల నుంచి ముక్క కొట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. బడినుంచి స్ప్రింగు త్రాసు అరువు తెచ్చాను. ముక్కను గాలిలో ఒకసారి, నీటిలో ముంచి ఒకసారి తూచి, తగ్గిన బరువును బట్టి సాంద్రత కట్టడం ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన ప్రయోగం. నీళ్లకోసం పెరట్లో ఉన్న బకెట్టు తీసుకున్నాను.

"ఏవండీ, అది ఉతుకుల బకెట్టండీ," అంది నా భార్య.

"కడిగే పెట్టాను."

"సబ్బు నీళ్లలో తూస్తే ఆ రాతిపనివాడి తప్పు పోతుందా, ఇంకా ఎక్కువవుతుందా?"

నేను బకెట్టు మళ్లీ కడిగాను. నమూనాను, కొత్త ముక్కను మూడేసి సార్లు తూచాను. దారం మార్చి ఒకసారి తూచాను. కొత్తది ఎక్కువ సాంద్రత చూపించింది. తేడా రెండో దశాంశ స్థానంలో వచ్చి ఉంటే చేతి పొరపాటు అనుకునేవాణ్ని. మొదటి స్థానంలోనే వచ్చింది. రెండు రాళ్లు, రెండు సాంద్రతలు. కాబట్టి రెండు గుట్టలు. అలా అని నిశ్చయించుకున్నాను.

ఆదివారం ఆరాధన ముగిశాక కమిటీ కూర్చుంది. మా అయ్యగారు, అంటే సంఘకాపరి, అధ్యక్షులు. మిగిలిన సభ్యుల్లో ఒకాయన లాలాగూడ రైల్వే వర్కుషాపులో ఇనుము పోతపోసే విభాగంలో జీవితమంతా పనిచేసి విరమించినవాడు. నేను కొలతలు చదివాను. పోతపనాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఆ కొలుముల హోరుకు ఆయన వినికిడి తగ్గింది.

"క్లాసుల పోరగాని కాపీ పట్టినట్టు రాయిని పట్టిండ్రు సార్," అన్నాడాయన. "ఆయనను పిలిచి అడిగిండ్రా?"

"అడిగాను. అంచు రాయి అని ఏదో చెప్పాడు."

"అయితే గా అంచేందో సూడాలె గద."

అయ్యగారు కూడా, "మాస్టారూ, ఒక్క వారం ఆగుదాం. మనిషి ఎక్కడికీ పోడు," అన్నారు.

నేను ఆగలేదు. వారం గడువు ఇస్తే షెడ్డు పక్కన కుప్ప మాయమవుతుందని నా లెక్క. జంటనగరాల్లో సమాధుల తోటలు చూసే కార్యదర్శులం ఒకరికొకరం పనివాళ్ల సంగతి తెలియజేసుకోవడం ఆనవాయితీ. ఎవరు అక్షరం తప్పు చెక్కారు, ఎవరు చెప్పిన రోజుకు రారు అని. సోమవారం పొద్దున్నే మూడు సంఘాల కార్యదర్శులకు మూడు ఉత్తరాలు వేశాను. ఒకే గుట్టదని చెప్పి వేరే రాయి దింపినట్టు శాస్త్రీయ పరీక్షలో తేలిందనీ, అతన్ని తోటలోకి అనుమతించే ముందు ఆలోచించుకోవలసిందనీ రాశాను. కొలతల పట్టిక జత చేశాను. పట్టిక గీసేటప్పుడు కలిగిన తృప్తి కూడా ఒప్పుకోవాలి.

పదిరోజులు కాకముందే రాతిపనివాడు మా తోట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"నా మీద కాయితం రాసిండ్రంట గద సార్. రెండు తోటలల్ల గేటు కాడనే ఆపిండ్రు."

"ఉన్నది ఉన్నట్టు రాశాను."

"మా నాయిన సుత గీడనే చెక్కిండు. ఒక్కనాడు మాట రాలే. జెర గుట్టకు రాండ్రి సార్. శనివారం రాండ్రి. మీ కండ్లతోని సూడుండ్రి. అబద్ధమైతే ఉలి ముట్ట."

శనివారం అన్నాడు గనుక నేను గురువారమే వెళ్లాను. శనివారానికి గుట్టను సర్దిపెడతాడని నా అనుమానం. ఒక్కణ్నే చూస్తే సాక్ష్యం చాలదని పోతపనాయనను వెంట తీసుకువెళ్లాను. సైనిక్‌పురి దాకా బస్సు, అక్కణ్నుంచి నడక. ఇప్పుడు ఆ దారి పొడవునా ఇళ్లే. అప్పుడు గుండ్లూ, తుమ్మచెట్లూ, మధ్య మధ్య మాజీ సైనికుల ఇళ్లూ ఉండేవి.

రాతిపనివాడు అక్కడే ఉన్నాడు. ఒక బండకు వరసగా రంధ్రాలు చేసి మేకులు దిగగొడుతున్నాడు. మమ్మల్ని చూసి సుత్తి దించాడు.

"శనివారం అన్న గద సార్."

"సారు పరీక్ష చెప్పి పెడ్తడా ఎన్నడన్న," అన్నాడు పోతపనాయన. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అతను చెప్పిన 'చార' నా కళ్లెదుట ఉంది. గులాబీ, బూడిద రంగులు కలిసిన మామూలు గుట్టరాయిని చీల్చుకుని, రెండు లారీలు పక్కపక్కన పట్టేంత వెడల్పున ఒక నల్లటి పట్టె పోతున్నది. నిటారుగా కాక, గోడకు ఆనించిన బల్లలాగా ఒక పక్కకు వాలి ఉంది. ఎప్పుడో గుట్టరాయి పగిలితే ఆ పగులులోకి కింది నుంచి కరిగిన రాయి ఎక్కి, అక్కడే గడ్డకట్టిందన్నమాట.

భూతద్దం తీసి గుట్టరాయికి అంటుకున్న అంచు దగ్గర మొదలుపెట్టాను. అక్కడ రేణువులే కనిపించలేదు. అచ్చంగా నేను తిరస్కరించిన పలక నలుపు. ఒక అడుగు లోపలికి జరిగితే ఆవగింజలో సగమంత మెరుపులు. ఇంకా లోపలికి వెళ్తే తెల్లటి చుక్కలు. నడిమికి వచ్చేసరికి నూకలు. నా సొరుగులోని నమూనా ఈ నడిమిలోంచే వచ్చింది. అవతలి అంచుకు నడిచాను. చుక్కలు క్రమంగా చిన్నవై, మళ్లీ పలక. మధ్యలో ఎక్కడా అతుకు లేదు.

పోతపనాయన నా భుజం మీదుగా వంగి చూశాడు. "మా పోతల గిట్లనే సార్. ఇసుక అచ్చు సల్లగుంటది. దానికి తాకిన ఇనుము టక్కున గడ్డకడ్తది, విరగ్గొట్టి సూస్తె సన్నగుంటది. నడుమది మెల్లగ సల్లారి ముతకగైతది. విరిచి చూపిస్తె పోరగాడు సుత చెప్తడు, ఏది అంచో ఏది నడుమో."

నేను ఒక బండ మీద కూర్చున్నాను. శిలాద్రవం త్వరగా చల్లబడితే స్ఫటికాలకు పెరిగే వ్యవధి ఉండదు, సూక్ష్మంగా ఉంటాయి. మెల్లగా చల్లబడితే పెద్దవవుతాయి. ఈ వాక్యాన్ని ముప్ఫై ఏళ్లు నేనే నోట్సు చెప్పాను. రెండు మార్కుల ప్రశ్న. పుస్తకంలో ఏదో దూరదేశపు అగ్నిపర్వతం బొమ్మ ఉండేది. పిల్లలకు ఆ బొమ్మ చూపించేవాణ్ని. ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న రాయి అదే పాఠం చెబుతుందని నాకు తట్టలేదు. ఆ రాయి నా చేతికి వచ్చినప్పుడు దాన్ని దొంగసొత్తు అన్నాను.

అయినా అనుమానం పూర్తిగా పోలేదు. రేణువుల సంగతి సరే, సాంద్రత మాటేమిటి? త్వరగా చల్లబడినంత మాత్రాన రాయి అంత బరువెక్కుతుందా? పట్టెకు అడ్డంగా పై అంచు నుంచి కింది అంచు దాకా ఏడుచోట్ల ముక్కలు కొట్టించాను. ప్రతి ముక్క మీదా అక్కడికక్కడే ఎర్ర రంగుతో సంఖ్య వేసి నా సంచిలోనే పెట్టుకున్నాను. అతను సంచి అందుకోబోతే వద్దన్నాను.

"నేను ముట్ట సార్. మీరే మోయుండ్రి," అన్నాడు. సైనిక్‌పురి బస్సు దాకా మోసేసరికి భుజం పట్టేసింది.

ఆ మరునాడు ఏడు ముక్కలూ తూచాను. నా భార్య ఈసారి బకెట్టు తనే తోమి ఇచ్చింది. పై అంచు రాయి మధ్యస్థంగా వచ్చింది. దాని దిగువన, నడిమికి పైగా ఉన్న చుక్కల రాయి అన్నిటికంటే తేలిక. నమూనా సాంద్రత దానితో కలిసింది. అక్కణ్నుంచి కిందికి దిగేకొద్దీ ముక్క ముక్కకూ కొద్దికొద్దిగా పెరిగింది. కింది అంచు ముక్క నేను తిరస్కరించిన రాయితో సరిపోయింది. ఒకే పట్టెలో నా రెండు సాంద్రతలూ ఉన్నాయి, వాటి మధ్యవి కూడా ఉన్నాయి.

గ్రంథాలయంలో ఒక భూగర్భశాస్త్ర పుస్తకం తీసి చదివాను. కరిగిన రాయి ఒక్కసారిగా గడ్డకట్టదు. మొదట ఏర్పడే స్ఫటికాలు సాధారణంగా ముదురు రంగువి, చుట్టూ ఉన్న ద్రవం కంటే బరువైనవి. ద్రవం మందంగా ఉన్నా అవి మెల్లగా కిందికి దిగుతాయి. తేలిక పదార్థం పైన మిగులుతుంది. చల్లబడేకొద్దీ ద్రవం కూడా సంకోచించి సాంద్రమవుతుంది. గడ్డకట్టిన రాయి తన ద్రవంలో తాను మునుగుతుంది. మంచుగడ్డ నీటి మీద తేలినట్టు తేలదు. ఇక్కడ ఇంకొక తప్పు బయటపడింది. భూమి గట్టి పైపొర కింది ద్రవం మీద తేలుతుందని చెప్పేటప్పుడు నేను ఏటా మంచుగడ్డ ఉదాహరణే ఇచ్చాను. నీరు మినహాయింపని చెప్పకుండా, మినహాయింపునే సూత్రంగా పిల్లల చేత రాయించాను.

శనివారం అతను చెప్పిన రోజుకే మళ్లీ గుట్టకు వెళ్లాను. ఈసారి ఒక్కణ్నే.

"అంచు రాయి తెస్తున్నానని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లినవాణ్ని, ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

"చెప్పిన గద సార్, అక్షరానికి మంచిదని. మీరు కమిటీ అన్నరు."

"అంత మంచిదైతే మొదటి నాలుగూ నడిమి రాయి ఎందుకు తెచ్చావు?"

అతను కొంచెంసేపు ఉలి మొన తుడుచుకున్నాడు. "నాలుగో దాంట్ల వాక్యం పొడుగు సార్. అక్షరాలు చిన్నగైనయ్, అన్నీ ఒత్తులే. ముతక రాయిల తెల్ల చుక్క పక్కపొంటి ఉలి దిగితే చుక్క ఊడొస్తది, దానితోని ఒత్తు ఎగిరిపోతది. రెండు ఎగిరినయ్. లక్కల మసి కలిపి నింపిన. మీరు సూడలే. అందుకనే మిగిలినయి అంచుల తీసిన. సన్నరాయిల ఒత్తు నిలుస్తది."

"నాలుగో రాయిలో లోపం ఉందని దాచావన్నమాట."

"దాచిన సార్. గది తప్పే. గందుకు కాయితం రాసుంటె నేను ఏమీ అనకపోదును."

తోటకు వచ్చి నాలుగో రాయిని భూతద్దంతో చూశాను. అతను చెప్పినచోట రెండు ఒత్తుల్లో లక్క ఉంది. నమూనాతో పోల్చి నేను ఆమోదించిన రాయిలో లోపముంది. నేను తిరస్కరించిన అయిదూ నిర్దోషంగా ఉన్నాయి.

కమిటీ ముందు నా తప్పు చదివాను. పోతపనాయన, "సార్, షెడ్డు కాడి కుప్ప సంగతి సుత అడిగిన. గది నిజంగనే వేరే పార్టీదే," అన్నాడు. ఆ కుప్పను నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు.

ముగ్గురు కార్యదర్శుల దగ్గరికీ నేనే వెళ్లాను. ఏడు ముక్కలూ వెంట తీసుకువెళ్లాను. ఇద్దరు నా ఎదుటే మొదటి ఉత్తరం తిరిగి ఇచ్చేసి, గేటు దగ్గర చెప్పిస్తామన్నారు. మూడో ఆయన కోర్టులో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడు. బల్ల మీద ముక్కలు వరసగా పేర్చి వివరించాను. ఓపికగా విన్నాడు.

"ఫైలయిన కాగితం నేను తీయనండీ, మాస్టారు. మీ రెండో ఉత్తరం కూడా ఇవ్వండి, జతచేస్తాను. కాని ఒకటి అడుగుతాను. మొదటిదాన్లో కొలతలున్నాయి. రెండోదాన్లో పశ్చాత్తాపం ఉంది. నేను దేన్ని నమ్మాలి?"

"దీనిలోనూ కొలతలున్నాయి," అన్నాను.

"ఏడు ముక్కలూ మీరే తెచ్చారు. అతను మీ ఇంటికి వచ్చి ఏడ్చాడో, ఇంకేం చేశాడో నాకేం తెలుసు?"

అతను ఏడవలేదని చెప్పాను. ఆయన తల ఊపాడు, నమ్మలేదు. ఆయన స్థానంలో నేనుంటే నేనూ నమ్మేవాణ్ని కాను. రెండో ఉత్తరం ఇచ్చి వచ్చాను. దాన్ని జతచేశాడో లేదో తెలియదు. మరో రాతిపనివాణ్ని కుదుర్చుకున్నారని మాత్రం తరువాత విన్నాను. నేను రెండుసార్లు మళ్లీ వెళ్లాను. రెండుసార్లూ టీ ఇచ్చి పంపించాడు.

ఆ సంగతి రాతిపనివాడికి చెప్పవలసిన బాధ్యత నాదే. పదో రాయి నిలబెడుతుండగా చెప్పాను. అతను గునపం ఆపలేదు.

"ఆ తోటల మా నాయిన చెక్కిన రాళ్లు ఇరవై దాక ఉన్నయ్ సార్. ఏటా పోయి నాచు గీకి, అక్షరాలు దిద్దొస్త. ఎవరు పిలిచింది లేదు, నేనే పోత. ఇగ అవి ఎవరు దిద్దుతరు?"

ఆ పని నేను చేస్తానని ఒక మాట నోటిదాకా వచ్చింది. ఉలి పట్టడం రానివాడి మాటకు విలువ ఉండదని మింగాను. పన్నెండు రాళ్లూ పూర్తి చేశాడు. నాలుగోదాన్ని అడక్కుండానే తీసి, అంచు రాయితో మార్చాడు. మూడో తోటలోకి అతను మళ్లీ అడుగుపెట్టలేదు.

ఈ రచనలో శాస్త్రానికి సంబంధించిన భాగాన్ని నేను ఒకే పుస్తకం చదివి, ఏడు ముక్కలు తూచి రాశాను. వాలి ఉన్న పట్టెలో బరువైన స్ఫటికాలు నేను అనుకున్నట్టే కిందికి దిగి ఉండవచ్చు. లేదా ద్రవం పైకి ఎక్కేటప్పుడే ప్రవాహం వాటిని ఒకచోటికి నెట్టి ఉండవచ్చు. లేదా ఒకే పగులులోకి రెండు విడతలుగా వేర్వేరు శిలాద్రవాలు వచ్చి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చే చదువు నాకు లేదు. రెండు ముక్కలతో తీర్పు చెప్పి ఒకసారి చెడ్డాను. ఏడు ముక్కలు చాలునని కూడా పట్టుబట్టను. భూగర్భశాస్త్రం తెలిసినవారు ఇందులోని పొరపాట్లను మొహమాటం లేకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను. రాతిపని తెలిసినవారికి కూడా ఇదే మనవి. దిద్దేవారు దయచేసి కారణం కూడా రాయండి.